మొదటి రీసెర్చ్ ప్రాజెక్టుకు ప్రపోజల్ ఎలా పెట్టాలి?

కొత్తగా ఉద్యోగంలో చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు దాదాపు ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: “సార్, ప్రాజెక్టుకి ఎలా అప్లై చేయాలి? శాంక్షన్ అయిన ప్రపోజల్ ఏదైనా ఉంటే పంపుతారా?” మొదట్లో పంపేవాణ్ని. అందులో జిల్లా పేరు మార్చి, నీళ్లు అన్నచోట మట్టి అని దిద్ది పెట్టేసినవాళ్లున్నారు. అవేవీ శాంక్షన్ కాలేదు. అందుకే పంపడం మానేసి, చేసే పద్ధతి ఇలా రాసిపెడుతున్నాను.

ఇది ప్రధానంగా యూనివర్సిటీలోనో కాలేజీలోనో రెగ్యులర్ ఉద్యోగంలో ఉండి, కేంద్ర సంస్థలకి మొదటిసారి ప్రాజెక్టు పెట్టేవాళ్లకి. రెగ్యులర్ పోస్టు లేనివాళ్లకి రెండో మెట్టులో కొంత, అవార్డుల గురించి అడిగేవాళ్లకి చివరి వైపు కొంత ఉంది.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊహా ప్రాజెక్టు పట్టుకుని నడుద్దాం: తాగునీటిలో ఫ్లోరైడ్. మనకు కొత్తగా పరిచయం చేయాల్సిన సమస్య కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించిన మొదటి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. నల్గొండ పేరు చెబితే ఇక వివరించక్కర్లేదు.

ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీరు పెట్టబోయే స్కీం గైడ్‌లైన్స్. ఫోన్లో చూస్తే సరిపోదు, ప్రింట్ తీసి పెన్నుతో గీతలు పెట్టుకోండి.
- పుట్టిన తేదీ రుజువు, పీహెచ్‌డీ పట్టా, అపాయింట్‌మెంట్ ఆర్డర్. వయసు సడలింపు కావాలంటే కుల ధ్రువీకరణ పత్రం.
- బయోడేటా, పబ్లికేషన్ల జాబితా.
- మీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్న పరికరాల జాబితా. “పనిచేస్తున్న” అన్న మాట మర్చిపోకండి.
- కొనబోయే పెద్ద పరికరాలకు కొటేషన్లు.
- కో-పీఐ (ప్రాజెక్టు బాధ్యత మోసే పీఐ, అంటే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌కి తోడుగా ఉండే పరిశోధకుడు) ఉంటే ఆయన ఒప్పుకోలు, ఆయన సంస్థ నుంచి లెటర్.
- ఆరు వారాల టైము. నాలుగు వారాల్లో కూడా అవుతుంది కానీ ఇంట్లో గొడవలవుతాయి.

1. ఏ తలుపు తట్టాలో తేల్చుకోండి

సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకి ఇప్పుడు పెద్ద తలుపు ఏఎన్‌ఆర్‌ఎఫ్, అంటే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023లో చేసిన చట్టంతో వచ్చింది. పాత సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) ఇందులోనే కలిసిపోయింది. సీనియర్లు ఇంకా “సెర్బ్‌కి పెట్టు” అంటుంటారు, వాళ్లు చెప్పేది దీని గురించే. కెరీర్ మొదట్లో ఉన్నవాళ్లకి ఇందులో ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ ఉంది: మూడేళ్లకు 60 లక్షల దాకా, ఓవర్‌హెడ్స్ (మీ సంస్థకి ఇచ్చే నిర్వహణ ఖర్చు) అదనం.

సోషల్ సైన్సెస్ వాళ్లకి ఐసీఎస్‌ఎస్‌ఆర్, అంటే ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ సోషల్ సైన్స్ రీసెర్చ్. 1969 నుంచి ఉన్న సంస్థ. దీని దక్షిణ ప్రాంతీయ కేంద్రం మన ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. బయోమెడికల్, పబ్లిక్ హెల్త్ వైపు ఉన్నవాళ్లు ఇండియా అలయన్స్ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపేది) ఫెలోషిప్పులు చూడండి, దాని ఆఫీసు కూడా హైదరాబాద్‌లోనే.

డిగ్రీ కాలేజీ లెక్చరర్లు ఇప్పటికీ “యూజీసీ మైనర్ ప్రాజెక్ట్ ఎప్పుడు పడుతుంది సార్?” అని అడుగుతుంటారు. ఒకప్పుడు చాలామందికి అదే మొదటి మెట్టు. పన్నెండో పంచవర్ష ప్రణాళికతో ఆ కథ దాదాపు అయిపోయింది. దానికోసం కాచుక్కూర్చోకుండా, మీ యూనివర్సిటీ సీడ్ మనీ (పని మొదలుపెట్టడానికి ఇచ్చే చిన్న మొత్తం) ఇస్తుందేమో కనుక్కోండి. రెండు మూడు లక్షలే అయినా దాంతో వచ్చే ప్రాథమిక డేటా పెద్ద ప్రపోజల్‌కి ప్రాణం.

తలుపు సరైనదో కాదో చూసుకోడానికి ఒక పరీక్ష: ఆ సంస్థ నిరుడు, ముందటేడు శాంక్షన్ చేసిన ప్రాజెక్టుల జాబితా వెతికి టైటిల్స్ చదవండి. మీ టైటిల్ ఆ జాబితాలో కలిసిపోయేలా ఉందా, పెళ్లికి పంచెకట్టులో వచ్చినవాళ్ల మధ్య ట్రాక్ సూట్ వేసుకున్నవాడిలా ఉందా? రెండోదైతే తలుపు మార్చండి.

2. అర్హత తేదీలతో సహా చూసుకోండి

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. వయసు, పీహెచ్‌డీ వచ్చి ఎన్నేళ్లయింది, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయింది అన్నవి ఏ తేదీకి లెక్కిస్తారో గైడ్‌లైన్స్‌లో ఉంటుంది. కొన్నిచోట్ల చివరి తేదీకి, కొన్నిచోట్ల ఆ సంవత్సరం ఫలానా రోజుకి. పీహెచ్‌డీ “వచ్చిన రోజు” అంటే వైవా జరిగిన రోజా, ప్రొవిజనల్ ఇచ్చిన రోజా, కాన్వొకేషనా? మన యూనివర్సిటీల్లో కాన్వొకేషన్లు ఏళ్ల తరబడి ఆగుతాయి కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. రాతపూర్వకంగా ఈమెయిల్ పెట్టి అడగండి, ఆ జవాబు దాచుకోండి.

ఇదివరకే ఏదైనా ప్రాజెక్టులో పీఐగా ఉంటే అదే సంస్థలో ఇంకోటి పెట్టొచ్చో లేదో కూడా చూడండి. పాతదాని యూసీ (యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం) బాకీ ఉంటే ముందు అది తేల్చండి.

రెగ్యులర్ పోస్టు లేకపోతే: చాలా ప్రాజెక్టు స్కీముల్లో మీరు పీఐ కాలేరు. ఫెలోషిప్పుల వైపు వెళ్లండి. ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ ఐదేళ్లు. బయటి దేశాలైతే జర్మనీ హంబోల్ట్ పోస్ట్‌డాక్‌కి పీహెచ్‌డీ అయిన నాలుగేళ్లలోపు పెట్టాలి. యూరప్‌లో మేరీ క్యూరీ పోస్ట్‌డాక్‌కి పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ల పరిమితి. దానికింకో మెలిక కూడా ఉంది: చివరి తేదీకి ముందటి 36 నెలల్లో 12 నెలలకు మించి ఆ దేశంలోనే ఉన్నవాళ్లు ఆ దేశానికి పెట్టకూడదు. జర్మనీలో రెండేళ్లుగా ఉంటూ జర్మనీ ల్యాబ్‌కే పెట్టబోయి ఆగిపోయిన తెలుగు పిల్లలు నాకు తెలుసు. ఇంకా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు అమెరికాలో కొన్ని నెలలు పనిచేయాలనుకుంటే ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. దాన్ని నడిపే యూసీఫ్ (యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్)కి హైదరాబాద్‌లో కూడా ఆఫీసు ఉంది. ఆ ఫెలోషిప్‌కి ఇచ్చే వీసా మీద వెళ్తే తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉండాలన్న షరతు ఉంటుందని ఇంట్లో ముందే చెప్పండి.

3. ఆఫీసు ఫైలు ముందు కదపండి, రాయడం తర్వాత

ఇది తలకిందులుగా అనిపిస్తుంది కానీ నా మాట నమ్మండి. ప్రపోజల్‌తో పాటు సంస్థ అధిపతి సంతకంతో ఎండార్స్‌మెంట్ లెటర్ (సంస్థ ఒప్పుకుంటున్నట్టు ఇచ్చే లేఖ) ఇవ్వాలి. ఆ సంతకం దాకా ఫైలు డిపార్ట్‌మెంట్ హెడ్, ప్రిన్సిపాల్ లేదా డీన్, సెక్షన్ సూపరింటెండెంట్, రిజిస్ట్రార్ వరకు నడవాలి. ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది.

నా మొదటి ప్రపోజల్ ఇలాగే పోయింది. చివరి తేదీ జనవరి 16. రాయడం పదో తేదీకే అయిపోయింది, నేను గొప్పగా ఫీలయ్యాను. లెటర్ మీద సంతకం పెట్టాల్సినాయన పదకొండున సంక్రాంతికి ఊరెళ్లిపోయారు. ఇన్‌ఛార్జి సంతకం పెట్టొచ్చా లేదా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. భోగి రోజు నేను ఖాళీ క్యాంపస్‌లో తాళం వేసిన గది ముందు నిలబడి ఉన్నాను. ఆ ఏడు అంతే.

కాబట్టి ప్రకటన పడిన వారంలోనే ఇవి చేయండి:
- టైటిల్, అంచనా మొత్తం, కాలవ్యవధితో ఒక పేజీ నోట్ పెట్టి అనుమతి అడగండి. వివరాలు తర్వాత మారినా పర్లేదు.
- ఎండార్స్‌మెంట్ నమూనా స్కీం పత్రంలోనే ఉంటుంది. దాన్ని మీరే లెటర్‌హెడ్ మీద టైప్ చేయించి తీసుకెళ్లండి. “మన ఫార్మాట్‌లో రాద్దాం” అని సెక్షన్‌లో అంటారు. వద్దని నచ్చజెప్పండి. సంస్థ అడిగిన వాక్యాల్లో ఒక్కటి తగ్గినా వెనక్కి వస్తుంది.
- సంతకం కింద పేరు, హోదా, తేదీ, స్టాంపు నాలుగూ ఉన్నాయా చూసి, అక్కడే స్కాన్ చేసుకోండి.

మనుషుల నుంచి రక్తం, మూత్రం లాంటి నమూనాలు తీసుకునే పనైతే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మన ఊహా ప్రాజెక్టులో మూత్రంలో ఫ్లోరైడ్ కొలుద్దామనుకుంటే ఇది తప్పదు. మీ దగ్గర కమిటీ లేకపోతే పక్క మెడికల్ కాలేజీ కమిటీతో మాట్లాడండి. దీనికి నెలలు పట్టొచ్చు. అప్లికేషన్ పెట్టేనాటికి అనుమతి ఉండాలా, శాంక్షన్ తర్వాత ఇచ్చినా సరిపోతుందా అన్నది గైడ్‌లైన్స్‌లో చూసుకోండి.

4. ఒక్క పేజీలో చెప్పగలరేమో చూడండి

పాతిక పేజీలు రాయకముందే ఒక్క పేజీ రాయండి. నాలుగు పేరాలు: ఇప్పటిదాకా తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, దాన్ని మీరెలా కనుక్కుంటారు, చివరికి ఏం చేతికొస్తుంది.

చెడ్డ టైటిల్: “నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్యపై సమగ్ర అధ్యయనం.” ఇది ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసేయడానికి వాడే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు. రివ్యూయర్ టైటిల్ చదివి “మళ్లీనా” అనుకుంటాడు.

ఇలా అడిగి చూడండి: మిషన్ భగీరథ నల్లా ఇంట్లోకి వచ్చాక కూడా బోరు నీళ్లు ఎవరు వాడుతున్నారు? తాగడానికా, వంటకా? వేసవిలో ఎక్కువా? ఆ ఇళ్లలో శరీరంలోకి వెళ్తున్న ఫ్లోరైడ్ ఎంత తేడా? ఇప్పుడు ప్రశ్న పుట్టింది. జవాబు తెలిస్తే ఎవరికి ఉపయోగమో కూడా కనిపిస్తోంది.

ఈ పేజీని మీ సబ్జెక్టు తెలియని ఒకరికి ఇచ్చి చదివించండి. ఇంకో డిపార్ట్‌మెంట్ స్నేహితుడైతే మంచిది. చదివాక కాగితం లాక్కుని “నేనేం చేయబోతున్నాను?” అని అడగండి. రెండు వాక్యాల్లో చెప్పగలిగితే ముందుకెళ్లండి. “ఏదో ఫ్లోరైడ్ గురించి” అన్నారంటే మళ్లీ రాయండి. నేను ఇప్పటికీ మూడు నాలుగుసార్లు తిరగరాస్తాను.

5. లక్ష్యాలు మూడు చాలు

మొదటి ప్రపోజల్‌లో ఏడెనిమిది ఆబ్జెక్టివ్స్ రాసేవాళ్లే ఎక్కువ. మూడేళ్లు, ఒక స్కాలర్, ఒక పీఐ, మీదేమో వారానికి పదహారు గంటల క్లాసులు. మూడు రాయండి.

“అధ్యయనం చేయుట”, “అవగాహన కల్పించుట” లాంటి వాటిని కొట్టేయండి. పని పూర్తయిందో లేదో తేల్చగలిగే మాటలు వాడాలి. మన ఉదాహరణలో:

- పది గ్రామాల్లో 300 ఇళ్లలో తాగే నీరు, వండే నీరు ఎక్కడి నుంచి వస్తోందో వేసవిలో, వానల తర్వాత నమోదు చేయడం.
- ఆ నీటిలో ఫ్లోరైడ్ కొలిచి, భారతీయ ప్రమాణాల్లోని లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు అన్న హద్దులతో పోల్చడం.
- నల్లా ఉన్నా బోరు నీళ్లే వాడుతున్న ఇళ్లలో కారణాలు రాబట్టడం.

మూడేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి “చేశారా?” అని అడిగితే అవుననో కాదనో చెప్పగలగాలి.

6. పద్ధతి: మీరే వెళ్లి చేస్తున్నట్టు రాయండి

పుస్తకంలోంచి దించిన మెథడాలజీ రివ్యూయర్‌కి వెంటనే తెలిసిపోతుంది. “ప్రామాణిక పద్ధతుల ద్వారా విశ్లేషించబడును” అని రాస్తే ఏమీ రాయనట్టే. ఏ ఇళ్లను ఎలా ఎంచుతారు? నమూనా దేనిలో పడతారు? ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసాలే వాడాలి, గాజుతో అది చర్య జరుపుతుంది. ఈ ఒక్క ముక్క రాస్తే చాలు, ఈయన చేత్తో పని చేసినవాడే అని రివ్యూయర్‌కి అర్థమవుతుంది. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో (నీళ్లలో ఫ్లోరైడ్ కొలిచే పరికరం) కొలుస్తారా? బఫర్ ఏది? ఎన్ని నమూనాలకోసారి స్టాండర్డ్ పెట్టి సరిచూస్తారు? ఎన్ని డూప్లికేట్లు?

అనుకున్నట్టు జరగకపోతే ఏం చేస్తారో కూడా రెండు మూడు వాక్యాల్లో రాయండి. వేసవిలో బోరు ఎండిపోతే? ఇంటివాళ్లు రెండోసారి ఒప్పుకోకపోతే? దీన్ని బలహీనత అనుకుని దాచేస్తారు చాలామంది. నేను రివ్యూ చేసేటప్పుడు ముందు వెతికేది ఇదే.

టైమ్‌లైన్ పట్టిక మూడు నెలలకో గడి చొప్పున వేయండి. మొదటి మూడు నెలల్లో ఫీల్డ్ వర్క్ చూపించకండి. డబ్బు రావాలి, పోస్టుకి ప్రకటన ఇవ్వాలి, ఇంటర్వ్యూ జరగాలి, ఎలక్ట్రోడ్ కొనాలి. ఒక్కోసారి ఆరో నెల దాకా ఊరు మొహం చూడరు. ఇంకోటి, ప్రాజెక్టు ఏ నెలలో మొదలవుతుందో మనకు తెలియదు. వేసవి నమూనా ఒక ఏడు తప్పినా ఇంకో ఏడు పట్టుకునేలా పట్టిక ఉండాలి.

7. బడ్జెట్: ఇక్కడ నిదానంగా

నా లెక్కలో ప్రపోజల్ గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. లక్ష్యం, పద్ధతి, ఖర్చు మూడూ ఒకే తాడుకి కట్టి ఉండాలి. చూసుకునే పద్ధతి తేలిక. బడ్జెట్‌లో ఏ పద్దు మీదైనా వేలు పెట్టి “ఇది ఎన్నో లక్ష్యానికి?” అని అడగండి. జవాబు లేకపోతే ఆ పద్దు తీసేయండి. తర్వాత ఏ లక్ష్యం మీదైనా వేలు పెట్టి “దీనికి డబ్బెక్కడ?” అనండి. డబ్బు లేని లక్ష్యం ఉంటే దాన్ని తీసేయండి, లేదా ఖర్చు చేర్చండి. ఫ్లోరైడ్ ప్రాజెక్టులో పన్నెండు లక్షల కంప్యూటర్ సర్వర్ పెట్టిన ప్రపోజల్ ఒకటి చూశాను. డిపార్ట్‌మెంట్‌కి సర్వర్ కావాలి, పాపం ఆయనకి వేరే దారి లేదు. రివ్యూయర్‌కి ఆ బాధ పట్టదు కదా.

మనుషుల జీతం. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000, మూడో ఏడాది నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) కింద 42,000. దీనికి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. అది ప్రభుత్వం మీ ఊరిని ఏ వర్గంలో పెట్టిందో దాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్ ఎక్స్ వర్గం. వరంగల్, విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు వై వర్గం. ఎక్స్‌కి 30 శాతం, వైకి 20 శాతం అనుకుని లెక్క వేస్తే:

హైదరాబాద్: మొదటి రెండేళ్లు నెలకు 48,100, ఏడాదికి 5,77,200. మూడో ఏడు నెలకు 54,600, ఏడాదికి 6,55,200. మొత్తం 18,09,600.

వరంగల్: మొదటి రెండేళ్లు నెలకు 44,400, ఏడాదికి 5,32,800. మూడో ఏడు నెలకు 50,400, ఏడాదికి 6,04,800. మొత్తం 16,70,400.

హెచ్‌ఆర్‌ఏ మర్చిపోతే ఏమవుతుంది? స్కాలర్‌కి ఇవ్వాల్సింది ఇవ్వలేక, పాపం ఆ పిల్లాడి మొహం చూడలేక మూడేళ్లు తిరగాలి. నేను రెండో ప్రాజెక్టులో ఆ తప్పు చేశాను. మీ స్కీం జీతాలకు వేరే రేట్లు పెడితే, ఆ పత్రంలో ఉన్నవే వేయండి.

ప్రయాణాలు. 300 ఇళ్లు, రెండు కాలాలు, అంటే 600 సార్లు వెళ్లాలి. రోజుకి 12 ఇళ్లు చూస్తే 50 రోజులు. బండికి రోజుకు 2,500 చొప్పున 1,25,000. ఈ గుణకారాన్ని అలాగే జస్టిఫికేషన్‌లో రాయండి. “ప్రయాణాలు: 3,00,000” అని ఊరికే రాస్తే సగానికి కోస్తారు. గుణకారం చూపిస్తే కోయడానికి చెయ్యి రాదు.

పరికరాలు. డిపార్ట్‌మెంట్‌లో ఉన్నదాన్ని మళ్లీ అడగకండి. అందుబాటులో ఉన్న సౌకర్యాల జాబితాలో మీరే రాసి, బడ్జెట్‌లో మీరే అడిగితే నవ్వులపాలవుతారు. ఉన్నది పాడైపోయి ఉంటే ఆ మాటే రాయండి. కొనుగోళ్లకి ప్రభుత్వ జెమ్ పోర్టల్ నిబంధనలుంటాయి. 2025 జూన్‌లో పరిశోధన పరికరాల విషయంలో కొంత సడలించి, సంస్థ అధిపతులకి జెమ్ బయట కొనే వీలిచ్చారు. అది మీ సంస్థకి వర్తిస్తుందో లేదో ఫైనాన్స్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోండి.

సోషల్ సైన్సెస్ వాళ్లకి ఒక హెచ్చరిక: ఐసీఎస్‌ఎస్‌ఆర్ బడ్జెట్‌లో సిబ్బందికి ఇంత శాతం, ఫీల్డ్ వర్క్‌కి ఇంత శాతం అని పద్దులవారీగా హద్దులుంటాయి. ముందు ఆ శాతాలు కాగితం మీద వేసుకుని, ఆ తర్వాత పనిని అందులో ఇమడ్చండి. రివర్స్‌లో చేస్తే ఆఖరి రాత్రి అంతా తిరగరాయాలి.

అడగాల్సిన మొత్తం ఎంత అని అందరూ అడుగుతారు. తగ్గించి అడిగితే ఇస్తారన్నది అపోహ. 60 లక్షల స్కీంలో 12 లక్షలు అడిగితే, ఈ పని సైజు అర్థం కాలేదేమో అనుకునే ప్రమాదం ఉంది. పనికి ఎంతవుతుందో అంతే అడగండి.

8. అప్‌లోడ్ ముందు సరిచూసుకోవడం

చివరి తేదీకి కనీసం మూడు రోజుల ముందు పెట్టేయండి. ఆఖరి సాయంత్రం పోర్టల్ నత్తనడక నడుస్తుంది. అప్పటి టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అప్‌లోడ్ చేసేముందు వరసగా ఇవి చూడండి:

- పోర్టల్‌లో టైప్ చేసిన బడ్జెట్, పీడీఎఫ్‌లోని బడ్జెట్ రూపాయితో సహా ఒకటేనా? అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. చివర్లో ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతారు.
- టైటిల్ ప్రపోజల్‌లో, ఎండార్స్‌మెంట్‌లో, కో-పీఐ లెటర్‌లో అక్షరం తేడా లేకుండా ఉందా?
- మీ పేరు ఆధార్‌లో, పీహెచ్‌డీ పట్టాలో, పేపర్లలో వేర్వేరుగా ఉందా? ఇంటిపేరు ముందో వెనకో, ఇనిషియలో పూర్తి పేరో, మన తెలుగువాళ్లకిది పుట్టుకతో వచ్చిన తలనొప్పి. ఒకటే రూపం ఎంచుకుని, తేడా ఉంటే ఒక వాక్యంలో వివరణ ఇవ్వండి.
- ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశారా? మీ పాత పేపర్లోంచి మీరే దించిన పేరాలు కూడా పట్టుకుంటుంది.
- పీడీఎఫ్ తెరిచి ప్రతి పేజీ చూశారా? తలకిందులైన స్కాన్, సగం తెగిన సంతకం మామూలే.

సబ్మిట్ నొక్కాక రిఫరెన్స్ నంబరు, అక్నాలెడ్జ్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి. “డ్రాఫ్ట్ సేవ్డ్” అని వస్తే సబ్మిట్ అయినట్టు కాదు. లాగౌట్ చేసి మళ్లీ లోపలికి వెళ్లి స్టేటస్ చూస్తే తేలిపోతుంది.

తిరస్కరించితే

మొదటిది రాకపోవడమే మామూలు. కామెంట్లు వస్తే మూడు రోజులు తెరవకండి. నాలుగో రోజు తెరిచి, ప్రతి కామెంట్ పక్కన “నిజం”, “సరిగ్గా రాయలేదు”, “ఒప్పుకోను” అని రాయండి. రెండో రకమే ఎక్కువుంటాయి. రివ్యూయర్‌కి అర్థం కాలేదంటే మనం సరిగ్గా రాయలేదనే. కామెంట్లు రాకపోతే, ఆ సంస్థలో ఇదివరకు గ్రాంట్ తెచ్చుకున్న ఒకరికి ప్రపోజల్ ఇచ్చి చదవమనండి. కేకలేసేవాళ్లని ఎంచుకోండి.

అదే ప్రపోజల్ ఇంకో సంస్థకి పంపొచ్చా? పంపొచ్చు, కానీ ఒకేసారి రెండుచోట్ల పెడితే ఆ విషయం వెల్లడించాలి. కొన్ని స్కీముల్లో అసలు కుదరదు. యూరప్ మేరీ క్యూరీలో అయితే వాళ్లు పెట్టిన హద్దు కంటే తక్కువ మార్కులొస్తే మరుసటి ఏడు అదే సంస్థతో కలిసి పెట్టడానికి వీల్లేదు.

అవార్డుల గురించి అడిగేవాళ్లకి

ఒక పేపర్ పడగానే ఈమెయిళ్లు మొదలవుతాయి: “మీరు ఇంటర్నేషనల్ బెస్ట్ రీసెర్చర్ అవార్డుకి ఎంపికయ్యారు.” కింద ఎక్కడో రిజిస్ట్రేషన్ ఫీజు, మెమెంటో చార్జీలు. ఈ డబ్బు కట్టి షీల్డ్ తెచ్చుకుని కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లని తప్పుపట్టను. ప్రమోషన్ ఫారంలో గడి ఖాళీగా ఉంటే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ప్రాజెక్టు బయోడేటాలో మాత్రం ఇవి రాయకండి. అది చదివే రివ్యూయర్‌కి కూడా అదే ఈమెయిల్ వచ్చి ఉంటుంది.

పరీక్ష ఇది: ఎంపిక చేసినవాళ్లెవరో పేర్లు చెప్పారా? నిరుటి విజేతలు మీ రంగంలో పేరున్నవాళ్లేనా? డబ్బు అడిగారా? మూడో ప్రశ్నకి అవునంటే మొదటి రెండూ చూడక్కర్లేదు.

నిజమైన వాటిలో పెద్దవి రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాలు. పాత శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి ఇప్పుడు ఇందులో విజ్ఞాన్ యువ విభాగంగా ఉంది, 45 ఏళ్లలోపువాళ్లకి. ఈ పురస్కారాలు మొదటిసారి 2024లో ఇచ్చారు. విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్లకి కూడా అవకాశం ఉంది. ఇన్ఫోసిస్ ప్రైజ్‌కైతే మనంతట మనం పెట్టుకోలేం, ఇంకొకరు నామినేట్ చేయాలి. మొదటి ప్రాజెక్టు రాసుకుంటున్న మీరు ఇప్పుడే వీటి గురించి నిద్ర చెడగొట్టుకోకండి.

శాంక్షన్ ఆర్డర్ చేతికొచ్చాక

స్వీట్లు పంచండి, ఆ సాయంత్రమే ఆర్డర్ మొత్తం చదవండి. అడిగినదాంట్లో ఏ పద్దు కోశారో చూడండి. ఒక పద్దులోంచి ఇంకో పద్దుకి డబ్బు మార్చాలంటే ఎవరి అనుమతి కావాలో అందులోనే ఉంటుంది. మొదలుపెట్టిన తేదీగా దేన్ని తీసుకుంటారో గుర్తుపెట్టుకోండి. ఆర్డర్ తేదీయే అయితే మీ మూడేళ్లలో కొన్ని వారాలు ఇప్పటికే కరిగిపోయాయి.

ఫైనాన్స్ సెక్షన్‌లో ఒక మనిషితో మంచిగా ఉండండి. జీతాల బిల్లు, ఖాతా, ఆడిట్ అన్నీ ఆయన చేతి మీదుగానే. గ్రాంట్ మీద వచ్చిన వడ్డీ మనది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. రసాయనాల కొట్టువాడి బిల్లు నుంచి బండివాడి రసీదు దాకా ప్రతిదానికీ జెరాక్స్ మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. రసీదుల ఇంకు ఎగిరిపోతుంది, ఫోటో కూడా తీసిపెట్టండి.

యూసీ జీఎఫ్‌ఆర్ (ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్) 12-ఏ ఫారంలో ఇవ్వాలి. అది ఆర్థిక సంవత్సరం లెక్కన, అంటే మార్చి 31 వరకు. మీ ప్రాజెక్టు నవంబరులో మొదలైనా సరే, మార్చిలో మొదటి లెక్క తేల్చాలి. రెండో విడత డబ్బు ఆ కాగితం వెళ్తేనే కదులుతుంది. ఆడిటర్ సంతకానికి ఏప్రిల్ మొదటి వారంలోనే అందరూ క్యూ కడతారు కాబట్టి, ఫిబ్రవరిలోనే స్టేట్‌మెంట్ ముసాయిదా తయారు చేసుకుని, మార్చి బిల్లులకి ఖాళీ ఉంచుకోండి.